పాలు లేని టీ, గేటు పక్క నారింజ చెట్టు

రావులపాలెంలో బస్సు దిగేసరికి తెల్లవారుజామున ఐదున్నర. ధనుర్మాసం చలి. గౌతమి మీద నుంచి వచ్చిన మంచు హైవేని కప్పేసింది. అరటి గెలల లారీల పక్కన హమాలీలు చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. అప్పటికే టీ కొట్లు పొయ్యిలు వెలిగించాయి. రాత్రంతా బస్సులో ముడుచుకుని కూర్చున్న కడుపుకి పాల టీ వద్దనిపించింది.

"బాబాయ్, లెమన్ టీ ఉందా?"

"ఆయ్, ఎందుకు లేదమ్మా!"

పేపర్ కప్పు తీశాడు. ప్లాస్టిక్ డబ్బాలోంచి గోధుమరంగు పొడి రెండు చెంచాలు వేశాడు. పైన వేడినీళ్లు పోసి, పుల్లతో తిప్పి చేతికిచ్చాడు. మొత్తం పది సెకన్లు పట్టి ఉంటుంది. తాగితే తియ్యగా ఉంది, పుల్లగా ఉంది, కాస్త ఉప్పగా, చాట్ మసాలాలా కూడా ఉంది. టీ మాత్రం ఎక్కడా తగల్లేదు.

"నిమ్మకాయ పిండరా బాబాయ్?"

"పిండాలి, గింజలు తీయాలి, వడకట్టాలి. ఈ రద్దీలో కుదురుద్దా అమ్మా? ఇదైతే ఒకటే లెక్క, ఒకటే రుచి."

ఆయన్ని తప్పుపట్టలేం. లారీలు ఆగేది ఐదు నిమిషాలు. కానీ ఈ కోనసీమలో పాత ఇంటి దొడ్డి ఏది చూసినా నిమ్మో, దబ్బో, నారింజో, పంపర పనసో ఏదో ఒక పుల్లకాయ చెట్టు ఉండేది. అలాంటి చోట లెమన్ టీ పొడి డబ్బాలోంచి రావడం చూస్తే, గోదావరి గట్టున కూర్చుని నీళ్ల బాటిల్ కొనుక్కున్నట్టు అనిపించింది. అన్నట్టు, అదీ కొనుక్కున్నాను.

నేనొచ్చిన పనే ఇది. పోయిన నెల లండన్ నుంచి వచ్చిన మా కజిన్ ఒక ఎర్ల్ గ్రే టీ డబ్బా ఇచ్చాడు. మూత తీయగానే ఆగిపోయాను. అది కొత్తపేటలో మా పెద్దమ్మ గారి దొడ్డి వాసన. గేటు తీయగానే తగిలే నారింజ ఆకు వాసన.

ఎర్ల్ గ్రే అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నల్ల టీ ఆకుకి బెర్గమాట్ అనే పండు తొక్క నూనె పట్టిస్తారు. 1830 నుంచి 1834 వరకు బ్రిటన్ ప్రధానిగా ఉన్న చార్లెస్ గ్రే పేరు దానికి తగిలించారు. ఆ పేరు ఎలా వచ్చిందన్నదానికి కథలు బోలెడు, నమ్మదగ్గవి తక్కువ. బెర్గమాట్ ఎక్కువగా పండేది ఇటలీ కాలి బొటనవేలి దగ్గర, కాలబ్రియాలో. జన్యువులు తిరగేస్తే అది పుల్ల నారింజకీ, పసుపురంగు లెమన్‌కీ పుట్టిన బిడ్డ అని తేలింది. ఆ లెమనేమో పుల్ల నారింజకీ, మాదీఫలానికీ పుట్టింది. అంటే బెర్గమాట్‌కి నారింజ అటు అమ్మా, ఇటు నానమ్మా. మన ఇళ్లల్లో సంబంధాల లాగే ఉంది వ్యవహారం.

ఆ నారింజకి మళ్లీ పెద్దలెవరంటే పంపర పనస, కమలా. మొత్తం ఈ పుల్లటి వంశం హిమాలయాల తూర్పు పాదాల దగ్గర, అంటే అస్సాం, ఉత్తర మయన్మార్, యునాన్ ప్రాంతంలో పుట్టిందని 2018లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. టీ మొక్క పుట్టిల్లు కూడా దాదాపు అదే. ఒకే ఊరి పిల్లలు విడిపోయి, ఒకడు కప్పులోకి, ఒకడు పులిహోరలోకి వెళ్లారన్నమాట. వాళ్లిద్దర్నీ కలపడానికి లండన్ దాకా వెళ్లాలా?

అదీ నా ప్రశ్న. మూడు రోజులు సెలవు పెట్టాను. బ్యాగులో ఒక ఫ్లాస్కు, పావు కిలో ఆకు టీ.

కొత్తపేటలో మొదటి కప్పు, చెత్త కప్పు

రావులపాలెం నుంచి కొత్తపేట ఎంతో దూరం కాదు. కాలువ పక్కనే రోడ్డు, రోడ్డు మీదకి వాలిన కొబ్బరి చెట్లు. ఇన్‌స్టాలో మీరు చూసిన రీళ్లన్నీ నిజమే, కాకపోతే వాటిలో గతుకులు కనపడవు.

పెద్దమ్మ ఇల్లు ముందు పెంకుటిల్లు, వెనక స్లాబు. దొడ్లో నూతి గట్టు దగ్గర నిమ్మ, ప్రహరీ వార దబ్బ, వెనక మూల పంపర పనస, గేటు పక్కన నారింజ. నారింజ కొమ్మలకి కాయలు వేలాడుతున్నాయి, కింద రాలినవి కుళ్లుతున్నాయి. కాండం చుట్టూ ఎవరో తెల్ల సున్నంతో గీత గీశారు.

"ఇదేంటి పెద్దమ్మా?"

"భోగి లోపు కొట్టేయమన్నాడే అన్నయ్య. కారు లోపల పెట్టాలంట. పోయినేడు వీధిలో పెడితే పండగ జనంలో గీతలు పడిపోయాయి కదా."

"నువ్వేమన్నావు మరి?"

"నేనేమంటాను? మా అత్తగారు వేసిన చెట్టు. ఉంటే బాగానే ఉంటుంది. కానీ ఎవరు తింటున్నారు? నారింజ పులిహోర చేస్తే మీరంతా నిమ్మకాయది చెయ్యమంటారు. ఊరగాయ పెడితే జాడీ అలాగే ఉంటోంది. పొద్దున్నే రాలిన కాయలు ఎత్తిపోసుకోవడానికి నా నడుం సరిపోవట్లేదు."

దీనికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరికీ పనికిరాని చెట్టు నీడ కోసం ఎన్నాళ్లుంటుంది? కొబ్బరి చెట్లున్న చోట నీడకి కూడా విలువ తక్కువే. అందుకని నోరు మూసుకుని, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను.

మొదటి కప్పు ఘోరం. పెద్దమ్మ వాడే డస్ట్ పొడి నీళ్లలో వేసి అలవాటుగా బరబరా మరిగించాను, మరుగుతుండగానే నారింజ చెక్క పిండాను. నోట్లో పెట్టుకుంటే జ్వరానికిచ్చే కషాయం. పెద్దమ్మ వాసన చూసి గ్లాసు పక్కన పెట్టేసింది.

తప్పు ఎక్కడంటే, రెండు చోట్ల. మనం వాడే డస్ట్, 1930ల్లో అస్సాంలో మొదలైన సీటీసీ యంత్రం పద్ధతిలో నలిపి, తెంపి, గుళికలుగా చుట్టిన టీ. బోలెడు పాలు, పంచదార పడ్డా తట్టుకుని నిలబడే చిక్కదనం దానిది. పాలల్లోని ప్రొటీన్ ఆ వగరుని పట్టేసి మెత్తబరుస్తుంది. పాలు తీసేసి అదే పొడిని అలాగే మరిగిస్తే ఆ వగరంతా మన నాలుక మీద పడుతుంది. రెండోది, పుల్లకాయ రసం మంట మీద మరిగితే వాసన ఆవిరైపోయి చేదు మిగులుతుంది. పులిహోరలో రసం పొయ్యి దించాకే ఎందుకు పిండుతారో పెద్దమ్మకి ఎవరూ సైన్సు చెప్పలేదు. ఆమెకి తెలుసు. నాకే గుర్తు రాలేదు.

"దించాక పిండాలే తింగరిదానా" అంది. ఆ తర్వాత పాఠం ఆమె చెప్పింది, నేను విన్నాను.

ముందు గిన్నె మార్చింది. సత్తు గిన్నెలో పులుపు వద్దంది, స్టీలుది ఇచ్చింది. కళాయి లేని ఇత్తడిలో అసలే వద్దంది. తర్వాత దొడ్లోకి తీసుకెళ్లి ఆకులు చూపించింది. నారింజ ఆకు కింద తొడిమ దగ్గర ఇంకో చిన్న ఆకు అతికించినట్టు రెక్క ఉంటుంది. పంపర పనసకి ఆ రెక్క మరీ పెద్దది. నిమ్మకి ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. దబ్బాకుని రెండు ముక్కలు చేసి నా ముక్కు దగ్గర పెట్టింది. ఎండాకాలం మజ్జిగ కుండలో తేలే వాసన! గోదావరి జిల్లాల్లో పెరిగిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. దబ్బాకు నలిపి వేసిన పల్చటి మజ్జిగ, కాస్త ఉప్పు, అల్లం. అంటే ఈ ఆకుని తాగే దాంట్లో వేయడం మాకెప్పుడో వచ్చు. మజ్జిగ బదులు టీ, అంతే తేడా.

రెండో కప్పు ఇలా పెట్టాం. ఒక పెద్ద గ్లాసు నీళ్లు బాగా మరగనిచ్చి పొయ్యి కట్టేశాం. ఒక చెంచా ఆకు టీ, చిదిమిన దబ్బాకు ఒకటి వేసి మూత పెట్టి మూడు నిమిషాలు ఆగాం. డస్టే ఉంటే అర చెంచా చాలు, ఒక్క నిమిషం చాలు. వడకట్టి, పంచదార కలిపాక, నారింజ తొక్క బొటనవేలంత ముక్క తీసుకుని, గ్లాసు మీద పట్టుకుని, రంగు వైపు కిందకి ఉండేలా గట్టిగా మడిచాం. సన్నటి తుంపర పడింది. అదే అసలు సంగతి. ఎర్ల్ గ్రే డబ్బాలో ఉన్న వాసన రసంది కాదు, తొక్కలో చిన్న చిన్న తిత్తుల్లో దాగిన నూనెది. నమ్మకపోతే చీకట్లో కొవ్వొత్తి మంట దగ్గర తొక్క మడవండి, చిటపటమని చిన్న మెరుపులు వస్తాయి. తొక్క కింద తెల్లటి పొర మాత్రం చేదు, దాన్ని గీకేయాలి.

చివర్లో నాలుగంటే నాలుగు చుక్కలు రసం. అప్పుడు చూడాలి రంగు. ముదురు ఎరుపు టీ కాస్తా కళ్ల ముందే తేనె రంగుకి తిరిగింది. నీళ్లు కలిపామేమో అనుకుంది పెద్దమ్మ. కాదు. టీకి ఆ ఎరుపునిచ్చే పదార్థాలు పులుపు తగలగానే రంగు తగ్గుతాయి, టీ పల్చబడదు. రీల్ తీయాలనుకుంటే ఆ ఒక్క క్షణం చాలు. గాజు గ్లాసు తప్పనిసరి, పేపర్ కప్పులో ఈ వేడుక ఎవరికీ కనపడదు.

పెద్దమ్మ తాగింది. రెండు గుక్కలు. ఇంకో గుక్క.

"వాసన బాగుందే. కానీ ఇంటికొచ్చిన వాళ్లకి ఇలా నల్ల టీ ఇస్తే ఏమనుకుంటారు? వీళ్లింట్లో పాలు లేవనుకోరూ?"

ఇది జోక్ కాదు. పాడి ఉన్న ఇళ్లల్లో చిక్కటి గేదె పాల టీ ఇవ్వడం మర్యాద. పాలు లేని టీ అంటే ఒంట్లో బాగోలేని వాళ్లకి, లేదా పాలు అయిపోయిన రోజుకి. మా ఊళ్లో నిమ్మ టీ ఎదగకపోవడానికి రుచి కారణం కాదు, ఈ పరువు కారణం.

"నీ పాల్లేని టీ గోల అర్థమయ్యేది ఒక్కరికే. మా మరిదిగారుండే రాజోల్లో పక్కింటావిడ. కువైట్‌లో చేసొచ్చింది. రోజూ ఇదే తాగుద్దంట. వెళ్లి కనపడు" అని ఫోన్ నంబర్ ఇచ్చింది. ఫ్లాస్కులో దబ్బాకు టీ పోసుకుని, సంచిలో పది నారింజలు వేసుకుని బయల్దేరాను. వెళ్తూ వెళ్తూ ఆ సున్నం గీత వైపు ఇంకోసారి చూశాను.

అమలాపురంలో వెతుకులాట

అమలాపురంలో ఆగింది రెండు గంటలే. గడియార స్తంభం చుట్టుపక్కల ఉన్న కొట్లల్లో ఆకు టీ అడిగాను. "టీ పొడేనండీ, ఆకేంటండీ?" అన్నారు. డస్ట్ మాత్రం రకరకాలు. చివరికి ఒక సూపర్‌మార్కెట్ పై అరలో దొరికింది.

కూరగాయల బజార్లో నిమ్మకాయలు గుట్టలుగా ఉన్నాయి. ఎక్కడివంటే, ఏలూరు వైపు నుంచి, గూడూరు వైపు నుంచి. కొబ్బరి, అరటి ఎగుమతి చేసే సీమకి నిమ్మకాయ దిగుమతి! దబ్బ, నారింజ కోసం బజారంతా తిరిగితే ఒక్క మామ్మ దగ్గర గోనె మీద ఏడెనిమిది కాయలు కనిపించాయి. "పెద్దోళ్లు పులిహోరకి కొంటారమ్మా. కుర్రోళ్లు ఇదేం కాయని అడుగుతారు" అంది. పంపర పనస ఇప్పుడు లేదు, వినాయక చవితికి వస్తే కనపడుతుందంది.

ఈ చెట్లు ఎందుకు తగ్గాయో బస్సు కిటికీలోంచి చూస్తేనే కొంత అర్థమవుతుంది. దొడ్లు పంచుకుని ఇళ్లు కట్టుకున్నారు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ చేపల, రొయ్యల చెరువులు. నిమ్మజాతి చెట్లకి వేళ్ల దగ్గర నీళ్లు నిలవడం పడదు, ఉప్పు అసలే పడదు. చెరువు పక్కన దొడ్లో కొబ్బరి చెట్టు ఎలాగోలా బతుకుతుంది, నారింజకి అంత ఓపిక లేదు.

ఇంకో చిన్న సంగతి ఇక్కడే చెప్పేస్తాను, టీ పెట్టేటప్పుడు పనికొస్తుంది. మన నిమ్మకాయ నిజానికి లెమన్ కాదు, లైమ్. విదేశీ వీడియోల్లో కనిపించే పెద్ద పసుపు కాయ వేరు, మనది వేరు. మనది చిన్నది, పులుపు ఘాటు, తొందరగా చేదెక్కుతుంది. వాళ్లు అర చెక్క పిండమన్నారని మీరూ పిండితే టీ పాడవుతుంది. మన కాయలో పావు చెక్క ఒక గ్లాసుకి ఎక్కువే. ఇక పాల టీలో నిమ్మ పిండితే ఏమవుతుందో చెప్పాలా? పాలు విరుగుతాయి. పన్నీరు చేసుకోవాలంటే చేసుకోండి.

రాజోలు అరుగు మీద

బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటితే పాశర్లపూడి, తాటిపాక, రాజోలు. అక్క ఇల్లు మెయిన్ రోడ్డుకి నాలుగు సందుల లోపల. కొత్త స్లాబు ఇల్లే, కానీ ముందు పాతకాలం అరుగు ఉంచుకుంది. నేను వెళ్లేసరికి సాయంత్రం నాలుగు.

"పెద్దమ్మగారు ఫోన్ చేశారు. నల్ల టీ పిచ్చమ్మాయి వస్తోందని" అని నవ్వింది.

కోనసీమ నుంచి గల్ఫ్‌కి ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లు లేని ఊరు ఈ చుట్టుపక్కల దొరకడం కష్టం. కువైట్, మస్కట్, దుబాయ్, దోహా. అక్క కువైట్‌లో తొమ్మిదేళ్లు చేసింది. ఆ ఇంట్లో మగవాళ్లంతా సాయంత్రాలు కూర్చునే పెద్ద గది, దీవానియా అంటారు, ఉండేదట. వచ్చిన వాళ్లకి టీలు అందించడం ఆమె పని. నడుం సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులు, పేరు ఇస్తికానా. పాలు ఉండవు. పంచదార, ఏలక్కాయ, ఒక్కోసారి కుంకుమపువ్వు, ఒక్కోసారి నిమ్మ.

"రాత్రి పన్నెండింటికి కూడా పిలిచేవారు. వంద గ్లాసులు కడిగిన రోజులున్నాయి. నాది మాత్రం వంటింట్లో నిలబడి, చల్లారినాక, రెండు గుక్కల్లో."

ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. లోపలికి వెళ్లి సీసా తెచ్చింది. అందులో నల్లగా, గోలీల్లా గట్టిగా ఎండిన నిమ్మకాయలు. గల్ఫ్‌లో వీటిని లూమీ అంటారు. నిమ్మకాయల్ని ఉప్పు నీళ్లలో ఉడికించి, లోపలంతా నల్లబడేదాకా ఎండబెడతారు. అక్క అక్కణ్నుంచి తెచ్చుకున్నవి ఎప్పుడో అయిపోయాయి. ఇవి తన దొడ్లో కాయలు. మే నెల ఎండలో డాబా మీద తనే ఎండబెట్టింది. "మా అమ్మ ఉప్పులో ఊరేసి ఎండబెట్టే నిమ్మకాయలకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ సంగతి నాకు కువైట్‌లో తెలిసింది" అంది.

ఒక కాయని పగలగొట్టి, చేదొస్తుందని గింజలు తీసేసి, నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించింది. ఇది ఎండిన కాయ కాబట్టి మరిగినా పరవాలేదు. తర్వాత పొయ్యి కట్టేసి టీ ఆకు, ఒక ఏలక్కాయ. మూత. ఆ వాసన చెప్పడం కష్టం. పుల్లటి పొగ వాసన అందామా, పాత చింతపండు జాడీ అందామా? మొదటి గుక్క వింతగా ఉంది. రెండోదానికి అలవాటైంది. మూడో గ్లాసు నేనే అడిగాను.

ఇదే తాజా నిమ్మతో చేస్తే సులేమానీ. కేరళ మలబారు వైపు బిర్యానీ తిన్నాక ఇచ్చేది అదే. మలయాళం సినిమా 'ఉస్తాద్ హోటల్' (2012) చూసిన వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఏలక్కాయ, చిన్న దాల్చిన చెక్క ముక్క, ఒక లవంగం నీళ్లతో పాటు మరగాలి. టీ ఆకు పొయ్యి కట్టేశాక. పుదీనా, నిమ్మ ఆఖర్న. లవంగం ఒకటి దాటితే పళ్ల డాక్టర్ దగ్గర కూర్చున్నట్టుంటుంది.

నీళ్ల గురించి కూడా అక్కే చెప్పింది. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్లు ఉప్పు, గట్టి నీళ్లు. వాటితో నల్ల టీ పెడితే పైన నూనెలా తెట్టు కడుతుంది, గ్లాసుకి మరక పడుతుంది. "నాలుగు చుక్కలు నిమ్మ పడనీ, తెట్టు మాయం" అంది. చేసి చూపించింది కూడా. గట్టి నీళ్లలోని సున్నం వల్ల కట్టే ఆ పొర పులుపుకి నిలవదు. ఉప్పు రుచి మాత్రం నిమ్మ తీసేయలేదు, దానికి మంచినీళ్ల టిన్నే దిక్కు.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన అక్క కూతురు, నర్సు, బ్యాగు కింద పెడుతూనే అందుకుంది. "అమ్మా, అన్నం తిన్న వెంటనే మాత్రం ఇవ్వకు అక్కకి." ఆకుకూరలు, పప్పుల్లో ఉండే ఐరన్‌ని ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుందట. నిమ్మలోని సి విటమిన్ కొంత సాయం చేసినా, భోజనానికీ టీకీ మధ్య ఒక గంట ఉంచడం మంచిదంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలంది. ఖాళీ కడుపుతో తాగితే మంట రావచ్చని కూడా చెప్పింది. లెమన్ టీతో బరువు తగ్గుతామా అని నేనడిగితే, నా గ్లాసులోకి అప్పుడే వేసిన రెండు చెంచాల పంచదార వైపు చూసి ఊరుకుంది.

అక్క తన గ్లాసు తెచ్చుకుని అరుగు మీద గోడకి ఆనుకుని, కాళ్లు బారజాపుకుని కూర్చుంది. వీధిలో సైకిల్ మీద పోయేవాళ్లు పలకరిస్తున్నారు, ఈమె తాపీగా జవాబు చెబుతోంది. ఆ ఒక్క గ్లాసు పూర్తవడానికి అరగంట పట్టింది. మధ్యలో లోపల ఫోన్ మోగింది. లేవలేదు.

"వచ్చినవాళ్లు పాలు లేవా అని అడగరా అక్కా?" అన్నాను.

"అడుగుతారు. కువైట్‌లో షేకులు తాగుతారని చెప్తాను. మరి మాట్లాడరు."

పెద్దమ్మ పరువు సమస్యకి ఇంత సులువైన విరుగుడు ఉందని నాకు తట్టలేదు.

సంచిలో నారింజలు చూసి అక్క రెండు తీసుకుంది, ఇవీ ఎండబెట్టి చూస్తానంది. బదులుగా నాలుగు లూమీలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.

దిండిలో కొబ్బరి బొండం ప్రయోగం

మర్నాడు దిండి. వశిష్ఠ ఒడ్డు, పడవలు, దూరంగా చించినాడ వంతెన. పదకొండు దాటేసరికి ధనుర్మాసం చలి ఎటుపోయిందో తెలీదు, వేడి టీ తాగే మనసు లేదు. గట్టు మీద బొండాలు అమ్ముతున్నారు. కోనసీమకి వచ్చి కొబ్బరి నీళ్లు ముట్టకుండా పోతే బాగోదు కదా.

పొద్దున్నే గదిలో చిక్కటి టీ డికాషన్ పెట్టి, నారింజ తొక్కతో సహా ఫ్లాస్కులో పోసి ఉంచాను, తర్వాత చల్లార్చాను. బొండం నీళ్లు మూడు వంతులు, డికాషన్ ఒక వంతు, నిమ్మ నాలుగు చుక్కలు. పంచదార అక్కర్లేదు, బొండమే తియ్యన. కొబ్బరి నీళ్లని వేడి చేయొద్దు, వాటి రుచి పోతుంది. లేత బొండం అయితేనే బాగుంటుంది, ముదురు నీళ్లలో టీ వగరు పైకి తేలుతుంది. మొదటిసారి ముదురుది కొట్టించి ఒక బొండం దండగ చేసుకున్నాను. రెండోది కుదిరింది. బొండాలాయనకి కొంచెం పోసిస్తే, మూతి తుడుచుకుని, "బానే ఉందండి. కానీ బొండం బొండంలా తాగితే ఇంకా బాగుంటుందండి" అన్నాడు. గోదారోళ్ల దగ్గర మెప్పు ఇంతకంటే దొరకదు.

బస్సు కోసం వంతెన దగ్గర నిలబడ్డప్పుడు పెద్దమ్మ ఫోన్.

"చెట్టు కొట్టేవాడొచ్చాడే పొద్దున్న."

గుండె జారింది. "కొట్టేశాడా?"

"గేటు వైపు కొమ్మలు రెండు కొట్టించాను. ఆ పక్క నుంచి కారు దూరుద్దో లేదో అన్నయ్యొచ్చాక చూద్దామన్నాను. దూరకపోతే మళ్లీ చూడాలి."

"అన్నయ్య ఏమన్నాడు?"

"ఇంకా చెప్పలేదు. వాడొచ్చినప్పుడు ఆ టీ నువ్వే పెట్టివ్వు. అన్నట్టు, అందులో పంచదార బదులు బెల్లం వేయొచ్చా? నాకు షుగరని డాక్టర్ గొడవ చేస్తున్నాడు."

"షుగర్‌కి బెల్లమైనా పంచదారైనా ఒకటే పెద్దమ్మా. కొంచెమే వేసుకో. పాలు లేవుగా, విరగదు."